తాతయ్య పేము కుర్చీ గురించి తమ్ముడికి

హై వికమ్, ఇంగ్లండు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

కుర్చీ ఫొటోలు అందాయి. మొత్తం గీకించి, అద్దంలా మెరిసే పాలిష్ కొట్టించి, ప్లాస్టిక్ వైరు అల్లించేద్దామన్నావు. ఆ మూడూ వద్దు. ప్లాస్టిక్ నీళ్లు పీల్చదు, ఆరి బిగుసుకోదు. ఒకసారి సాగిందంటే అంతే సంగతులు.

ఫొటోలో పక్కనున్న రెండో కుర్చీ అల్లిక తెగలేదు, కుంగిందంతే. దాన్ని బోర్లించి, అడుగువైపు గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ అరగంట పరిచి ఉంచు. పేము పైతోలు నునుపు, నీళ్లు పట్టదు, అడుగువైపే పీలుస్తుంది. నీడలో ఒక రోజు ఆరనిస్తే దానంతటదే బిగుస్తుంది. ఆరేదాకా ఎవరినీ కూర్చోనివ్వకు.

తాతయ్య కుర్చీకి మాత్రం కొత్త అల్లిక తప్పదు. ముందువైపు నాలుగు పోగులు తెగాయంటే మిగతావాటికీ అదే వయసు, అతుకులేస్తే వచ్చే నెల పక్కవి తెగుతాయి. పాత అల్లికను చట్రం అంచు వెంట చాకుతో కోసి, ముక్కగా తీసి దాచు, నమూనాగా పనికొస్తుంది. బెజ్జాల్లో ఇరుక్కున్న ముక్కల్ని వాటికంటే సన్నని మేకుతో పైనుంచి కిందికి దించు. చట్రం లోపలి అంచును వేలితో తడిమి చూడు. పదునుగా ఉంటే శాండ్ పేపరుతో గుండ్రం చెయ్యి. పేము మొదట తెగేది అక్కడే.

వరస మాత్రం తప్పకు: ముందు కీళ్లు, తర్వాత పాలిష్, చివరికి అల్లిక. ఊగే కీళ్ల మీద అల్లితే పేము బిగుసుకునేటప్పుడు చట్రం వంకర పోతుంది. కీళ్లలో ఉన్నది సరేసు (జంతువుల తోలు, ఎముకలతో కాచే పాతకాలపు జిగురు) అయితే వేడినీళ్ల గుడ్డతో మెత్తబడుతుంది. శుభ్రంగా గీకేశాకే కొత్త జిగురు పెట్టు, పాత సరేసు మీద ఫెవికాల్ పట్టదు. తాడు చుట్టి, పుల్లతో మెలిపెట్టి, ఒక రోజు కదపకు.

ఇక పాలిష్. దూదిని స్పిరిట్‌లో ముంచి కుర్చీ చేతి అడుగున అర నిమిషం అదిమిపట్టు. జిగటగా మారి దూదికి అంటుకుంటే అది లక్క. ఆ ఎర్రటి గోధుమరంగు చూస్తే లక్కే అనిపిస్తోంది. అయితే నీ అదృష్టం, గీకే పనే లేదు. కొత్త లక్క పాతదాన్ని కొంచెం కరిగించి దాంట్లో కలిసిపోతుంది. కుర్చీ చేతుల మీద ఆ నలుపు చాలావరకు చెమట, తలనూనె. టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే పోతుంది, లక్కకు ఏమీ కాదు. చెక్క బయటపడ్డ చోట మాత్రం 220 నంబరు శాండ్ పేపరుతో చెక్క చార వెంటే మెల్లగా రుద్దు.

గాజు సీసాలో 250 మి.లీ. పాలిష్ స్పిరిట్, 30 గ్రాముల లక్క రేకులు వేసి రాత్రంతా ఉంచు, పలచని గుడ్డలో వడగట్టు. ఇనుప డబ్బా వద్దు, రంగు నల్లబడుతుంది. ఆ దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు. ఏడాది కిందట కలిపి పెట్టిన లక్క ఎవరైనా ఇస్తే తీసుకోకు. అది ఎన్నాళ్లకీ గట్టిపడదు, కూర్చున్నవాడి చొక్కాకి అంటుకుంటుంది. దూదిని నూలుగుడ్డలో మూటకట్టి, లక్క అందులోకి ఇంకేలా పోసి, ఒకే దిక్కున లాగుతూ పో. ఇంకా ఆరని చోటికి వెనక్కి వెళ్లావో, పొర లేచి గీతలు పడతాయి. అరగంటకో పూత చొప్పున ఐదారు పలచటి పూతలు చాలు. ముసురు పట్టిన రోజు అసలు మొదలెట్టకు. గాలిలో తేమకి పూత తెల్లబారుతుంది. ఆ చేతి మీద కాఫీ గ్లాసు వలయం కూడా అలాంటిదే. స్పిరిట్ తగిలీ తగలనట్టున్న మూటతో ఒక్క ఊపున తుడిస్తే చాలాసార్లు మాయమవుతుంది.

అల్లికకు పేము పట్టీ వెడల్పు బెజ్జాల దూరాన్ని బట్టి ఉంటుంది. మధ్య నుంచి మధ్యకు 12, 13 మిల్లీమీటర్లుంటే 2.25 మి.మీ. పట్టీ సరిపోతుంది. మన కుర్చీకి 80, 90 మీటర్లు పడుతుంది, వంద తీసుకో. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెడితే చాలు. ఎక్కువసేపు నానితే రంగు మారి పీచు లేస్తుంది. పట్టీని వేళ్ల మధ్య లాగి చూడు: ఒక దిక్కున కణుపులు గీరుకుంటాయి, రెండో దిక్కున జారిపోతాయి. జారే దిక్కునే లాగాలి. నునుపు పైకి.

చట్రం వెనక కమ్మీ (అడ్డ చెక్క) మధ్య బెజ్జంలోంచి మొదలెట్టి ముందు కమ్మీ మధ్యకు నిలువు పోగులు వెయ్యి, మూల బెజ్జాలు వదిలేసి. ముందువైపు వెడల్పు ఎక్కువ కాబట్టి మిగిలినవి పక్క కమ్మీల్లోకి దిగుతాయి. సమాంతరం చెడకూడదు. వాటి మీదుగా అడ్డం, మళ్లీ అదే బెజ్జాల్లో నిలువు, రెండోది కాస్త కుడికి. నాలుగోది అడ్డంగా అల్లుతూ పోవాలి: పాత నిలువు కింద, కొత్త నిలువు పైన. ఈ నాలుగూ బిగించకు, అరచేత్తో నొక్కితే కాస్త దిగాలి. ఆరితే అవే బిగుస్తాయి. ఇప్పుడే బిగించేస్తే ఏటవాలు పోగులు దూరవు.

తప్పులు జరిగేది ఆ ఏటవాలు దగ్గరే. ఒక దిక్కువి నిలువు జంటల పైనుంచి, అడ్డం జంటల కిందనుంచి పోతే, ఎదురు దిక్కువి దానికి తిరగబడి పోవాలి. సరిగ్గా పడితే పోగు గడి మూలలోకి మెత్తగా జారి కూర్చుంటుంది. రంపంలా గీరుకుంటే తప్పు పడినట్టే, వెంటనే విప్పెయ్యి. అలాగే వదిలేస్తే రోజూ రాసుకుని ఏడాదిలో తెగుతుంది. ఇరుకైన బెజ్జాన్ని దబ్బనంతో సర్దుకో. కొసలు ఊడకుండా ఇక్కడ గోల్ఫ్ బంతి కింద పెట్టే మేకులు గుచ్చుతారు. (ఇది కుర్చీల ఊరు, ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు కూడా చెయిర్ బాయ్స్!) నువ్వు వెదురు పుల్లలు ఓ పాతిక చెక్కుకో. చివరికి బెజ్జాల మీదుగా వెడల్పు పట్టీ పరిచి, సన్న పోగుతో ఒక బెజ్జం విడిచి ఒకటి కుట్టు.

పేము మీద వార్నిష్ రాయకు. మళ్లీ కుంగినప్పుడు తడి పట్టాలి కదా.

పట్టీ కొనేముందు బెజ్జాల లెక్క, వాటి మధ్య దూరం స్కేలుతో కొలిచి నాకు రాయి. అమ్మకి, పిన్నికి నమస్కారాలు చెప్పు.

అన్నయ్య