ఈ శనివారం ఇంగ్లిషర్ గార్టెన్ పార్కుకి రండి, రంగుల ఆకులు చూద్దాం

అందరికీ నమస్తే. ఈ సెమిస్టర్‌లో మ్యూనిక్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముఖ్యంగా చెప్తున్నా, అక్టోబర్‌ని గదిలో కూర్చుని పోగొట్టుకోకండి. చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి పెడతారు. ఆ రోజు నుంచి సాయంత్రం 5 కే పొద్దు గూకుతుంది.

మన ఊళ్లలో ఆకులు రాలేది శిశిరంలో, శివరాత్రి చుట్టుపక్కల. ఇక్కడ దసరాకి మొదలై కార్తీకంలోనే కొమ్మలు బోసిపోతాయి. నిన్న ఐస్‌బాఖ్ కాలువ ఒడ్డున ఒక మేపుల్ ఆకు ఏరుకున్నా. ఆకు నరాల వెంట ఇంకా పచ్చదనం, మధ్యలో పండు నిమ్మకాయ పసుపు, అంచుల్లో ఇటుక రంగు. పగలు తగ్గి చలి మొదలవగానే ఆకుకి పచ్చరంగునిచ్చే పత్రహరితం విరిగిపోతుంది, దాని చాటున వేసవంతా దాగున్న పసుపు అప్పుడు బయటపడుతుంది. ఆ ఆకు నా నోట్‌బుక్‌లోనే ఉంది, శనివారం తెస్తా.

ఒక జాగ్రత్త. బీర్ గార్టెన్‌లలో చెట్ల కింద నున్నగా మెరిసే గోధుమరంగు కాయలు తినకండి. అవి గుర్రపు చెస్ట్‌నట్లు, ఒంటికి పడవు. తినేవి బండ్ల మీద వేడివేడిగా ‘మారోని’ అని అమ్ముతారు. కాల్చిన చిలగడదుంపలా తియ్యగా, పిండిపిండిగా ఉంటాయి, తప్పకుండా రుచి చూడండి.

మధ్యాహ్నం 2 గంటలకి పార్కులో గుండ్రటి స్తంభాల మండపం ఉన్న మోనోప్టెరోస్ గుట్ట కింద కలుద్దాం. యూ3 గానీ యూ6 గానీ మెట్రో ఎక్కి యూనివర్సిటీ స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు. పులిహోర నేను తెస్తా. తడి ఆకుల మీద కాలు జారుతుంది, బూట్లు వేసుకుని రండి. ఎవరెవరు వస్తున్నారో శుక్రవారం రాత్రిలోపు చెప్పండి.