మెషీన్ వాష్ గొంగడి ఈ సీజన్‌కు లేదు

‘గుచ్చుకోకుండా చేయలేరా? వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా?’ మా గొంగడి జాకెట్లు, సంచులు కొనేవాళ్లంతా అడిగే ప్రశ్నలివి. ఎంజైమ్‌తో ఉన్నిని మెత్తబరిచే ఫినిషింగ్ ట్రయల్ చేయిస్తున్నామని పోయిన చలికాలం చెప్పాం కదండీ, దాని సంగతి ఇది: ఆ సరుకు రావడం లేదు.

ఉన్ని పోగు మీద చేపకున్నట్టు పొలుసులుంటాయి. నీళ్లలో నలిగితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట కుంచించుకుపోతుంది. పెద్ద మిల్లులు ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి ప్లాస్టిక్ లాంటి రెజిన్ పూత వేస్తాయి. పని బాగానే అవుతుంది కానీ మురుగునీటిలో క్లోరిన్ సమ్మేళనాలు మిగులుతాయి, అది మాకొద్దు. ఉన్ని లాంటి ప్రోటీన్‌ను తినే ప్రోటియేజ్ ఎంజైమ్‌తో పొలుసులు తీస్తే ఆ గొడవ లేదు. చిక్కల్లా, నీళ్లలో ఉన్ని ఉబ్బితే ఎంజైమ్ పొలుసుల సందుల్లోంచి లోపలికి దూరి పోగునే తినేస్తుంది. మా శాంపిల్ ముక్క చేతికి హాయిగా ఉంది. అంచు పట్టి లాగితే పుటుక్కుమంది.

దీనికి ల్యాబుల్లో ఒక ఉపాయం ఉంది. హెప్టేన్ లాంటి పెట్రోలు జాతి సాల్వెంట్‌లో (ద్రావకంలో) సబ్బులా పనిచేసే సర్ఫాక్టెంట్, కాసిని నీళ్లు కలిపితే నానోమీటర్ల సైజు నీటి బిందువులు ఏర్పడతాయి. ఎంజైమ్ వాటిలోనే ఉంటుంది. ఉన్ని అంతగా ఉబ్బదు, జిడ్డుగా ఉండే పైపొర సాల్వెంట్‌కు బాగా తడుస్తుంది, కాబట్టి పని చాలావరకు పైపైనే జరుగుతుంది. (డ్రైక్లీనింగ్‌లో సోపు, కొద్దిగా నీళ్లు కలపడం వెనకా ఇదే సూత్రం.) కానీ హెప్టేన్ ఇట్టే అంటుకుంటుంది. మూసి ఉండే మెషీన్, సాల్వెంట్‌ను తిరిగి పట్టే ఏర్పాటు కావాలి. మా షెడ్డుకు అది తలకు మించిన పని.

డబ్బులున్నా గొంగడికి చేయించేవాళ్లం కాదేమో. దక్కనీ గొర్రె ఉన్ని ముతక. పోగు లావు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటితే దాని కొన ఒంటికి గుచ్చుకుంటుంది. పొలుసులు తీస్తే పోగు లావేం తగ్గదు కదా! పైగా కాపరి వానలో కప్పుకునే గొంగడికి ఆ దట్టం వచ్చేదే పోగులు అలా పెనవేసుకోవడం వల్ల. అందుకే జాకెట్లకు లోపల నూలు లైనింగ్ వేస్తున్నాం. ధర కొంచెం పెరుగుతుంది.

ఇంట్లో ఉతికితే చల్లనీళ్లు, కుంకుడు రసం చాలు. పిండకుండా నీడలో పరచండి. డిటర్జెంట్ ప్యాకెట్ మీద ఎంజైమ్ అని ఉంటే వాడొద్దు. రక్తం, పాల మరకలు తీసే ప్రోటియేజే ఉన్నినీ తింటుంది, మీ పట్టుచీరనూ వదలదు. మొదటి ఉతుకులో, నేతప్పుడు పోగులకు పట్టించిన చింతగింజల గంజి వదిలి నీళ్లు మడ్డిగా అవుతాయి. రంగు పోతోందని టెన్షన్ పడకండి, నల్లగొర్రె ఉన్నికి మేం రంగే వేయం.