హంపి ఎత్తులు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

చెస్ క్రీడాకారిణి కోనేరు హంపి గెలిచినప్పుడు మన పత్రికల్లో కప్పుతో ఫొటో వస్తుంది, ఓడితే నాలుగు లైన్ల వార్త. ఆమె ఆట మాత్రం ఎక్కడా కనిపించదు.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే చెస్) పోటీల తొలి గేమే ఆమె ఓడిపోయారు. అయినా పదకొండు రౌండ్లలో 8.5 పాయింట్లు సాధించారు. చివరి రౌండ్‌లో నల్లపావులతో ఆడి, ఇండోనేషియాకు చెందిన ఇరీన్ సుకందర్‌ను ఓడించి టైటిల్ గెలిచారు. 2019లో మాస్కోలో గెలిచాక ఇది రెండోసారి. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు, ఇంట్లో చిన్న కూతురు. పదిహేనేళ్లకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయిన గుడివాడ అమ్మాయి ఇన్నేళ్లు నిలబడటమే నాకు పెద్ద విషయం. 2025 జులైలో జార్జియా దేశంలోని బటూమిలో ప్రపంచకప్ ఫైనల్ చేరి, తనకంటే సగం వయసున్న దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడారు. ఎక్కువ సమయం ఇచ్చే క్లాసికల్ గేములు రెండూ డ్రా. అప్పుడు విజేతను తేల్చడానికి ఆడే వేగపు గేములైన టైబ్రేక్‌లో గడియారం టెన్షన్ వేరు.

మా మనవరాలు పేపరు పక్కన బోర్డు పెట్టుకుని, "తాతయ్యా, ఏ ఎత్తు తప్పయిందో రాయలేదేంటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆదివారం పేజీలో ఒక బోర్డు బొమ్మ, ఇరవై ముప్పై ఎత్తులు వేయండి. రాశిఫలాల పక్కన వేసినా మాకు అభ్యంతరం లేదు.

– ఒక పాఠకుడు, విజయవాడ