పిల్లల సైకిల్ జంపులకు చోటివ్వండి

సంపాదకులకు,

మా అబ్బాయి, వాడి స్నేహితులు కలిసి ఖాళీ స్థలంలో పారలతో మట్టి పోసి సైకిల్ జంపులు, అంటే సైకిల్ మీద ఎగిరి దాటే గుట్టలు, కట్టుకున్నారు. ఒక్క వానకే సగం కొట్టుకుపోయాయి. మిగిలినవి ప్రమాదమంటూ ఎవరో చదును చేయించేశారు. ఆ సాయంత్రమంతా వాడు నోరు విప్పలేదు.

ప్రమాదం జంపుల్లో లేదు, కట్టిన తీరులో ఉంది. పిల్లలు రెండు గుట్టలు పోసి మధ్యలో ఖాళీ వదిలారు. ఎగిరినవాడికి కాస్త దూరం చాలకపోతే ముందు చక్రం నేరుగా ఎదుటి గుట్టకు కొట్టుకుంటుంది. ఆ ఖాళీని కూడా మట్టితో నింపి పైన బల్లలా చదును చేస్తే, దాన్నే టేబుల్‌టాప్ అంటారు, ఎగరడం తగ్గినా చక్రాలు బల్ల మీదే దిగుతాయి. కొత్తవాళ్లు అసలు ఎగరకుండానే మెల్లగా దాటొచ్చు.

ఇక మట్టి. ఇసుక ఎక్కువైతే నిలవదు, బంకమన్ను కలవాలి. తడి మట్టిని గుప్పిట్లో నొక్కి చెయ్యి తెరిస్తే ముద్ద విడిపోకూడదు. పొరలు పొరలుగా పోసి, పార వెనకవైపుతో బాది గట్టిపరచాలి. అన్నిటికంటే ముందు వాననీరు పోయే దారి చూసుకోవాలి. మావాళ్లు మర్చిపోయింది అదే.

ఇలాంటి జంపులున్న ట్రాక్ మీద చిన్న సైకిళ్లతో పెట్టే పందెం, బీఎంఎక్స్ రేసింగ్, 2008 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. స్థానిక అధికారులు కాస్త స్థలమిచ్చి, చిన్నవాళ్లకూ అనుభవమున్నవాళ్లకూ వేర్వేరు జంపుల వరుసలు కట్టనివ్వాలి. వాన పడ్డాక మరమ్మతు ఎవరిదో ముందే రాసుకోవాలి. పారలు పట్టుకుని రావడానికి మేం నలుగురం తల్లిదండ్రులం సిద్ధంగా ఉన్నాం.

— ఒక తండ్రి