రాయి ఎండిందంటే శుభ్రమైనట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి కథనం వేశారు. ఫోటోలు బాగున్నాయి. రాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్కే ఉంది, ఎండు రాళ్లు తెచ్చి కడిగి అమర్చుకుంటే సరిపోతుందని. ఏడాది కిందట ఇదే మాట నాకు ఒక దుకాణాయన చెప్పాడు, నమ్మాను, ఆరు నెలలు తిప్పలు పడ్డాను. అందుకే ఈ ఉత్తరం.

మంచినీటి ట్యాంక్‌లో రాయి అందానికి. ఉప్పునీటి ట్యాంక్‌లో రాయే సగం ఫిల్టర్. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాతి గుల్లల్లోనే కాపురం పెడుతుంది, ఇంకా లోపల గాలి ఆడని చోట వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని కూడా తినేస్తుంది. కాబట్టి రాయి గుల్లగా ఉండాలి, చేత్తో ఎత్తితే చూసినదానికంటే తేలిగ్గా అనిపించాలి.

నాది మూడడుగుల ట్యాంక్, 180 లీటర్ల దాకా పడుతుంది. ఎనిమిది లీటర్లకు కిలో రాయి అని పాత లెక్క ఒకటుంది, ఆ లెక్కన 22 కిలోలు కొన్నాను (బాగా గుల్లగా ఉన్న రాయైతే అందులో సగం చాలట, డబ్బులు పోయాక తెలిసింది). "రెడీ రాక్ సార్, కడిగి పెట్టేయండి" అన్నాడు దుకాణాయన. పంపు కింద కడిగాను, పెట్టాను. మూడో వారానికి అద్దం నిండా పచ్చటి నాచు, రాళ్ల మీద జుట్టులా ఇంకో రకం నాచు, రోజూ బ్రష్షు పెట్టి గీకడం, తెల్లారేసరికి మళ్లీ అంతే. కిట్‌తో చూస్తే, నాచుకి ఎరువులా పనిచేసే ఫాస్ఫేట్ లీటరుకు 1 మిల్లీగ్రాము పైనే ఉంది. రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్‌లో, అది 0.1 లోపు ఉండాలి. నీళ్లు మారిస్తే రెండ్రోజులు తగ్గేది, మూడో రోజుకి మళ్లీ పెరిగేది. నీళ్లు నేను ఆర్ఓవే పోస్తున్నాను మరి, ఎక్కణ్నుంచి వస్తోంది?

చివరికి ఒక రాయి సుత్తితో పగలగొట్టాను. గుల్లల్లో కొబ్బరి పీచులాంటిది గోధుమ రంగులో కుక్కినట్టుంది, ఎండిన స్పాంజి అది. ఒక చిన్న ఆల్చిప్ప కూడా, మూసుకున్నది మూసుకున్నట్టే. ఆ ముక్కలు బకెట్‌లో నానేసి మూడో రోజు మూత తీస్తే ఎండుచేపల గంపలో తల పెట్టినట్టయింది. వడియాలు పెట్టుకునే డాబా మీద ఈ కంపేంటని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇలా అమ్మే రాయి చాలావరకు పగడాలు కట్టిన సున్నపు దిబ్బ ముక్కే. ఆల్చిప్ప, స్పాంజి ఉన్నాయంటే ఆ రాయి సముద్రంలోంచి తీసి ఎంతో కాలం కాలేదన్నమాట. ఎక్కడిదని వెళ్లి అడిగితే "ఇంపోర్టెడ్ సార్" అన్నాడు, అంతకుమించి మాట లేదు. కొనకముందే అడగకపోవడం నా తప్పు. ఎందుకంటే 2001లోనే దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులి ఉన్న షెడ్యూల్ అది. కేసు రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. రామేశ్వరం యాత్రకెళ్లి షోకేసులోకని పగడపు ముక్కలు సంచిలో వేసుకొచ్చేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లకీ ఈ సంగతి తెలియాలి.

నా తిప్పలు చూసి మా బావమరిది పిడుగురాళ్ల నుంచి ఒక గోనెసంచి సున్నపురాయి పట్టుకొచ్చాడు, "బావా, ఇదీ సున్నమే, అదీ సున్నమే" అంటూ. మాట నిజమే, రెండూ కాల్షియం కార్బొనేటే, నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొచ్చాయి కూడా. కానీ మన పల్నాడు రాయి గట్టిది, లోపల గుల్లే ఉండదు, బ్యాక్టీరియాకి పైపై చోటు తప్ప ఏమీ దొరకదు. పైగా బరువు, జారితే అద్దం పగులుతుంది. ఇప్పుడు అవి తులసికోట చుట్టూ ఉన్నాయి.

కొత్తగా కొనేవాళ్లు సిమెంటుతోనో సిరామిక్‌తోనో తయారుచేసిన రాళ్లు బిల్లుతో తీసుకోండి, లోపల కుళ్లే సరుకుండదు. సిమెంటు రాయిని మాత్రం పీహెచ్ (నీటి క్షారగుణం చూపే అంకె) దిగేదాకా వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే సున్నం దిగి చేపల్ని కాల్చేస్తుంది.

ఇంట్లో ఉన్న 22 కిలోలకి నేను చేసింది ఇదీ. పీచు, చిప్పలు స్క్రూడ్రైవర్‌తో పీకేసి, పది పాళ్ల నీళ్లకి ఒక పాలు లిక్విడ్ బ్లీచ్ కలిపి డ్రమ్ములో వారం ఉంచి, కడిగి, మే నెల ఎండలో వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాను (గుంటూరు ఎండ నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే). తర్వాత పది పాళ్ల నీళ్లలో ఒక పాలు హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది కూడా నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు కాదు. బుసబుసమని పొంగి, ఫాస్ఫేట్ పట్టిన పైపొర కరిగిపోతుంది, రాయి కూడా కొంచెం చిక్కుతుంది. మళ్లీ కడిగి, లీటరుకు 35 గ్రాముల ఉప్పు లెక్కన సముద్రపు నీళ్లు కలిపి, చిన్న పంపు పెట్టి, నాచు పట్టకుండా వెలుతురు తగలని చోట ఏడు వారాలు. హీటర్ కొన్నాను గానీ ఇక్కడి వేడికి దాని అట్టపెట్టె కూడా విప్పలేదు. ఫాస్ఫేట్ పెరిగినప్పుడల్లా నీళ్లు మార్చడం, వారం పాటు మార్చకపోయినా 0.1 దాటకుండా నిలబడితే, బ్యాక్టీరియా కుదురుకుందో లేదో చూడ్డానికి వేసిన అమ్మోనియా ఒక్క రోజులో నైట్రైట్‌తో సహా సున్నాకొస్తే అప్పుడు ట్యాంక్‌లోకి. ఈ ఏడు వారాలు తగ్గించే మందేదో ఉందని ఎవరైనా అమ్మజూపితే నేనైతే కొనను.

మీరు సవరణ వేస్తే మిగతాది వేసినా వేయకపోయినా ఒక్కటి పెద్దక్షరాల్లో వేయండి. బ్లీచ్, యాసిడ్ ఎప్పుడూ కలవకూడదు. బ్లీచ్ తడి ఆరని రాయిని యాసిడ్‌లో వేసినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ పనులు అందరం చేసేది డాబాల మీదే, పిల్లలు ఆడుకునేదీ అక్కడే.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు