దోమ రాకముందు సాలీడు ఏం తిన్నది?

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. ఊడ్పులైన మూడో వారంలో చుట్టుపక్కల చేలవాళ్ళు చాలామంది కొట్టిస్తున్నారని నువ్వు కూడా పురుగుమందు కొట్టించావనీ, తీరా చేను చిరుపొట్ట మీదికి వచ్చేసరికి వరి రసం పీల్చే సుడిదోమ దుబ్బుల మొదళ్ళను కమ్మేసిందనీ, మందు తగలని అవతలి గట్టు చేనులో మాత్రం అంత ఉధృతి లేదనీ రాశావు. పురుగును చంపే మందు కొడితే పురుగు పెరగడమేమిటని అడిగావు. ఈ ప్రశ్నకు జవాబు నీ చేనులో ఎవరు ఎవరిని తిని బతుకుతున్నారన్న లెక్కలో ఉంది కాబట్టి, అక్కడినుంచే మొదలుపెట్టి కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

చిన్నప్పుడు బడిలో మనం వేసిన బొమ్మ నీకు గుర్తుండే ఉంటుంది: వరి మొక్కను మిడత, మిడతను కప్ప, కప్పను పాము, పామును గద్ద తింటాయని బాణం గుర్తులు పెట్టేవాళ్ళం. ఆహారపు గొలుసు అన్న ఈ ఆలోచనను ఇంగ్లండుకు చెందిన చార్లెస్ ఎల్టన్ 1927లో ఒక శాస్త్రంగా నిలబెట్టారు. పైకి పోయేకొద్దీ జంతువుల సంఖ్య ఎందుకు తగ్గుతుందో కూడా ఆయన గమనించారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న సరస్సును పరిశీలించిన రేమండ్ లిండెమన్, ఈ విషయాన్ని శక్తి లెక్కల్లోకి మార్చి రాసిన వ్యాసం 1942లో అచ్చయింది. అది అచ్చులో చూసుకోకుండానే ఆయన చనిపోయారు. ఒక మెట్టులోని జీవులు తిన్నదానిలో చాలా భాగం వాటి శ్వాసకూ కదలికకూ ఖర్చయి వేడిగా పోతుంది, కొంత అరగకుండా బయటికి వస్తుంది. మిగిలి, ఒంటికి పట్టి, పై మెట్టుకు అందేది స్థూలంగా పదో వంతు మాత్రమే. అది కూడా ఒక సగటు మాత్రమే, చోటును బట్టీ జీవిని బట్టీ చాలా మారుతుంది. అందుకే గొలుసులు సాధారణంగా నాలుగైదు మెట్లకు మించి సాగవు. నీకు పనికివచ్చే మాట ఇందులో ఒకటి ఉంది: తినేవాడు ఒక చోట నిలవాలంటే, వాడికి ఆహారమయ్యేవి వాడికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఇక నీ చేనుకు వద్దాం. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. ఆడదోమ ఆకు తొడిమలోని మెత్తటి కణజాలాన్ని చీల్చి, గుడ్లను లోపల దాస్తుంది. ఒక్కొక్కటి వందల గుడ్లు పెట్టగలదు, అవి సుమారు ఒక వారంలో పిల్లలవుతాయి. దానికి శత్రువులూ అక్కడే ఉన్నారు. గూడు అల్లకుండా నీటి మీదా మొదళ్ళ మీదా పరుగెత్తి వేటాడే సాలీళ్ళు పెద్ద దోమనూ పిల్లదోమనూ పట్టుకుంటాయి. మిరిడ్ నల్లి అనే చిన్న ఆకుపచ్చ పురుగు తన సూదిలాంటి నోటిని తొడిమలోకి దించి దోమ గుడ్లను పీల్చేస్తుంది. మందు చేరలేని చోటికి చేరే పురుగు ఇది. తూనీగలు, అక్షింతల పురుగులు, నీటిమీద తిరిగే నల్లులు, కప్పలు కూడా ఈ పనిలో ఉన్నాయి. అయితే సాలీడు దోమను మాత్రమే తినదు. మిరిడ్ నల్లినీ తింటుంది, ఆకుముడత రెక్కల పురుగునూ తింటుంది, దొరికితే మరో సాలీడునూ తింటుంది; ఆ సాలీడును కప్ప మింగుతుంది. ఇప్పుడు బాణాలు గీయబోతే అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ పోయి, గొలుసు కాస్తా వల అవుతుంది. దీన్నే ఆహార జాలకం అంటారు.

నాకు ఈ విషయమంతటిలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇక్కడ మొదలవుతుంది. దోమ చేనులోకి వచ్చి పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. మరి అంతవరకూ సాలీడు ఏం తిని బతికింది? ఇండోనేషియాలోని జావా ద్వీపంలో వరిపొలాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 1996లో దీనికి జవాబు ప్రచురించారు. దమ్ము చేసినప్పుడు మట్టిలో కలిసిన మోళ్ళు, గడ్డి, పశువుల ఎరువు నీళ్ళలో కుళ్ళుతాయి. ఆ కుళ్ళును సూక్ష్మజీవులు తింటాయి, నీటిలో సన్నటి నాచూ సూక్ష్మ ప్రాణులూ పెరుగుతాయి. వాటిని తిని, మనల్ని కుట్టని ముసురు దోమలూ, నేల మీద ఎగిరిపడే అతి చిన్న కీటకాలూ లెక్కలేనన్ని పుడతాయి. అవి వరికి ఏ హానీ చేయవు. ఊడ్పులైన తొలి వారాల్లో సాలీళ్ళకు అన్నం పెట్టేది అవే. దోమ రాకముందే ఆ తిండితో సాలీళ్ళ సంఖ్య పెరిగి ఉంటుంది కాబట్టి, దోమ అడుగుపెట్టేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. పొలంలో సేంద్రియ పదార్థాన్ని పెంచినప్పుడు ఈ హానిలేని కీటకాలూ, వాటి వెనుకే వేటాడే జీవులూ పెరిగాయని ఆ పరిశీలనలో తేలింది. నేలలు ఎక్కువ కాలం ఎండి ఖాళీగా పడి ఉండే ప్రాంతాల్లో ఈ కాపలా ఆలస్యంగా, పలచగా వచ్చింది. పాఠ్యపుస్తకంలో విచ్ఛిన్నకారులను, అంటే చనిపోయినవాటిని కుళ్ళబెట్టే జీవులను, చివర ఒక మూలన పెట్టి వదిలేస్తారు. నిజానికి నీ చేను రక్షణ ఆ కుళ్ళు మీదే నిలబడి ఉంది.

నువ్వు మందు కొట్టించినది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ మందు సాలీళ్ళనూ, మిరిడ్ నల్లులనూ, వాటికి ఆహారమైన ముసురునూ ఒకేసారి తుడిచిపెట్టింది. తొడిమల లోపల దాగిన దోమ గుడ్లకు మాత్రం అది పెద్దగా తగలలేదు. వారం తిరిగేసరికి పిల్లదోమలు శత్రువు లేని చేనులోకి బయటపడ్డాయి. దోమ త్వరగా పెరుగుతుంది, దానికి కావలసిన వరి రసం చుట్టూ ఉంది. సాలీడు నెమ్మదిగా పెరుగుతుంది, పైగా దానికి కావలసిన తిండి కూడా ముందుగా తిరిగి పుట్టాలి. జాలకంలో సాధారణంగా పై మెట్టు కోలుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. దీనికి యూరియా తోడైతే మొక్క రసంలో నత్రజని పెరిగి, దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుంది. నువ్వు ఎన్ని బస్తాలు వేశావో రాయలేదు, అది కూడా చూసుకో.

ఇది నీ ఒక్కడి చేనులో జరిగింది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1973లో దోమను తట్టుకునే ఐఆర్ 26 రకాన్ని విడుదల చేస్తే, కొద్ది సంవత్సరాల్లోనే ఆ రకాన్ని కూడా తినగలిగే దోమ తయారయింది. ఆ దేశపు పొలాల్లోనే పీటర్ కెన్‌మోర్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశీలనల్లో, మందు కొట్టని మడుల్లో దోమ తక్కువగానే ఉండగా, కొట్టిన మడుల్లో ఎన్నో రెట్లు పెరిగింది. ఇండోనేషియా ప్రభుత్వం పురుగుమందులకు భారీ రాయితీలు ఇచ్చిన కాలంలోనే అక్కడ దోమ విజృంభించింది. చివరికి 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరిలో 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించి, ఆ తరువాత రాయితీలనూ ఎత్తివేశారు. వరి దిగుబడి కుప్పకూలుతుందని భయపడినవారు చాలామంది ఉన్నారు, అలా జరగలేదు. రైతులే వారం వారం చేనులోకి దిగి మిత్రపురుగులనూ శత్రుపురుగులనూ లెక్కపెట్టి నిర్ణయం తీసుకునే బడులు అక్కడ 1989లో మొదలయ్యాయి. మన దగ్గర పొలంబడి పేరుతో నడిచినవి ఆ ఆలోచన నుంచి వచ్చినవే. మన ప్రాంతంలో రైతుకు అందిన మంచి పథకాల్లో దీన్ని నేను ముందు వరుసలో పెడతాను. మీ ఊళ్ళో జరిగితే తప్పకుండా వెళ్ళు.

గట్లమీది ఎలుకల సంగతి కూడా రాశావు కాబట్టి ఒక్క మాట. ఎలుకకు జెర్రిపోతూ గుడ్లగూబా ఉన్నాయి, డెల్టాలో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే మనుషులూ ఆ జాలకంలో భాగమే. జెర్రిపోతు కనబడగానే కర్ర తీసే అలవాటు మీ పాలేళ్ళకు ఉంటే, దయచేసి మాన్పించు. కప్పల విషయంలో దేశమంతా ఇలాంటి పొరపాటే చేసింది: కాళ్ళ ఎగుమతి కోసం పొలాల్లోని కప్పలను ఏళ్ళ తరబడి పట్టి అమ్మి, చివరికి 1987లో ఆ ఎగుమతిని నిషేధించుకోవలసి వచ్చింది.

ఇక వచ్చే పంటకు. మొదటి నలభై రోజుల్లో ఆకు తినే పురుగు కనబడినా కంగారుపడి మందు కొట్టించకు. ఆ వయసులో వరి కొత్త ఆకులూ పిలకలూ వేసి నష్టాన్ని పూడ్చుకోగలదు, వియత్నాంలోని మెకాంగ్ డెల్టా రైతులు ఈ ఒక్క నియమం పాటించి మందుల వాడకాన్ని బాగా తగ్గించుకున్నారు. మోళ్ళు తగలబెట్టకుండా దమ్ములో కలియదున్ను. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం వారు ఇచ్చిన విజేత వంటి, దోమను కొంత తట్టుకునే రకం వెయ్యి, కానీ ఆ రకం ఒక్కదాని మీదే భారం వేయకు. ఊడ్చేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీస్తే మొదళ్ళకు గాలీ వెలుతురూ తగిలి దోమకు ఆ చోటు అనుకూలంగా ఉండదు. వారానికొకసారి చేనులో అక్కడక్కడా దుబ్బులను వంచి తట్టి, నీటి మీద పడిన దోమలతో పాటు సాలీళ్ళనూ మిరిడ్ నల్లులనూ కూడా లెక్కపెట్టు. దోమ మీ వ్యవసాయ అధికారి చెప్పిన హద్దు దాటి, సాలీళ్ళు లేకపోతేనే మందు సంగతి ఆలోచించు, అప్పుడు కూడా మొదళ్ళకు తగిలేలా, దోమ మీదే ఎక్కువగా పనిచేసే మందు ఏదో ఆయన్ని అడిగే కొట్టించు.

మిరిడ్ నల్లిని గుర్తుపట్టడం మొదట్లో కొంచెం కష్టం, పచ్చదోమ అనుకునే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను. అవతలి గట్టు చేను రైతును అడిగి ఆయన దుబ్బుల్లో లెక్క కూడా తీసుకో. రెండు చేల లెక్కలూ పక్కపక్కన చూడాలని నాకు చాలా ఆత్రంగా ఉంది. పిన్నిగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
శ్రీనివాస్