వార్షిక నివేదిక 2025: కోరల్ గేబుల్స్‌లో పాత ఇల్లు కొనేముందు

అందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ అన్నీ బాగా జరిగాయి, ఫోటోలు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది మన సంఘం అసలు పని పండగల దగ్గర కాదు, ఇళ్ళ దగ్గర జరిగింది. ఫ్లోరిడాలో మయామీ చుట్టుపక్కల అద్దెకుంటున్న మన కుటుంబాలు కొన్ని పక్కనే ఉన్న కోరల్ గేబుల్స్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టాయి, కొందరు కొన్నారు, వాళ్ళలో ఒకరిద్దరు కొన్నాక చాలా బాధపడ్డారు. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఏడాదంతా తిరిగాం, అడిగాం, తెలుసుకున్నాం.

ఏప్రిల్ 29కి ఈ ఊరు నగరంగా ఏర్పడి నూరేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని తీసుకుని కోరల్ వే అనే వీధిలో మెరిక్ కుటుంబం ఉన్న ఇల్లు చూసి, మర్రిచెట్ల కింద చాలాసేపు నడిచాం. ఈ ఊరు కట్టించిన జార్జ్ మెరిక్ తండ్రి ఒక పాస్టర్, 1899లో మసాచుసెట్స్ నుంచి వచ్చి ఇక్కడ గ్రేప్‌ఫ్రూట్ తోట వేశాడు. ఆ తోటలోని ఇంటి పేరే కోరల్ గేబుల్స్, కొడుకు దాన్నే ఊరికి పెట్టి 1921లో ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. స్పెయిన్, ఇటలీ తీరాల్లో ఇళ్ళెలా ఉంటాయో అలా కమానులు, పెంకుల కప్పులు, లోపల చిన్న ముంగిళ్ళు ఉండాలని అతని కోరిక. మెడిటరేనియన్ రివైవల్ అంటే ఇదే. ఇళ్ళు నిజానికి 1920లవి, వాటి తీరు మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ళ నాటిది. 1926 సెప్టెంబరులో వచ్చిన పెద్ద తుఫానుతో భూముల ధరలు, మెరిక్ ఆస్తి కలిసి కూలాయి. ఇంత ఊరు కట్టిన మనిషి చివరికి మయామీ పోస్ట్‌మాస్టర్‌గా పనిచేస్తూ 1942లో పోయాడు.

ఆ నడకలోనే ఇంకో విషయం కూడా పిల్లలకు చెప్పాం, దాచడం మాకు ఇష్టం లేదు. ఈ అందమైన గోడలకు రాయి తవ్వి పేర్చినవాళ్ళలో బహామాస్ నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు చాలామంది. కానీ అప్పటి దస్తావేజుల్లో ఈ ఇళ్ళను తెల్లవాళ్ళకు తప్ప అమ్మకూడదని షరతులుండేవి. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ఇళ్ళ అమ్మకంలో ఆ వివక్షను నిషేధిస్తూ 1968లో చట్టమూ వచ్చింది. మన సభ్యుల్లో ఒకరు తమ ఇంటి పాత కాగితాలు తిరగేస్తుంటే ఆ షరతు కనబడింది. అదే ఇంట్లో ఈ ఏడాది వరలక్ష్మీ వ్రతం చేశారు. ఆ రోజు తాంబూలం తీసుకుంటూ చాలామందికి గొంతు పట్టేసింది.

ఇక ఇళ్ళ సంగతి.

అన్నిటికంటే ముందు తెలియాల్సింది, ఇక్కడ ఇల్లు మీదే అయినా దాని ముఖం మీద వీధికీ హక్కుంటుంది. గోడకు రంగు మార్చాలన్నా నగరం అనుమతి కావాలి. బయట కనబడే మార్పులు చాలావరకు డిజైన్లు పరిశీలించే నగర బోర్డు, బోర్డ్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ దగ్గరికి వెళ్తాయి, ఇల్లు హిస్టారిక్ అని నమోదై ఉంటే హిస్టారిక్ విభాగం నుంచి వేరే సర్టిఫికెట్ కూడా కావాలి. చిన్న పనులకు అక్కడి సిబ్బందే ఇస్తారు, పెద్ద మార్పులైతే హిస్టారిక్ ప్రిజర్వేషన్ బోర్డు ముందుకు వెళ్ళాలి. ఇల్లు కొని కూల్చేసి కొత్తది కడదామనుకునే వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కూల్చడానికి ముందు ఆ ఇంటికి చారిత్రక ప్రాముఖ్యం ఉందా లేదా అని నగరం తేల్చి చెప్పాలి, ఉందని తేలితే అది నమోదు దాకా వెళ్ళొచ్చు.

ఇది తెలియకే మన సభ్యుల్లో ఒక జంట దెబ్బతిన్నారు. కిటికీలకు పర్మిట్ ఎందుకండీ, పాతవి తీసి కొత్తవి పెట్టడమే కదా అని ఓ కాంట్రాక్టర్ నమ్మకంగా చెప్పాడు. సగం పనయ్యాక నగరం నుంచి పని ఆపమని నోటీసు వచ్చింది. పాత కిటికీల్లో చిన్న చిన్న గళ్ళు, వాటి మధ్య ఉబ్బెత్తుగా పట్టీలు ఉండేవి, ఇతను పెట్టినవి సాదా అద్దాలు. అన్నీ పీకి, తుఫాను గాలిని తట్టుకునే అద్దాలనే పాత తీరు పట్టీలతో మళ్ళీ చేయించాల్సి వచ్చింది, ఖర్చు రెండింతలైంది, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ అమ్మాయి పడిన టెన్షన్ దగ్గరుండి చూశాం. అందుకే ఆఫర్ పెట్టకముందే మీరే నగరం ఆఫీసుకు వెళ్ళి, ఆ ఇల్లు నమోదై ఉందా, పూర్తికాని పర్మిట్లు ఏమైనా ఉన్నాయా అని అడగండి. పాత ఓనరు పర్మిట్ తీసుకుని మూసేయకపోతే క్లోజింగ్ (ఇల్లు మీ పేరు మీదికి మారడం) తర్వాత అది మీ నెత్తికే చుట్టుకుంటుంది. రియల్టర్ చెప్పాడు కదా అని ఊరుకోవద్దు.

వాస్తు గురించి చాలామంది అడిగారు. దక్షిణం గుమ్మం ఇల్లు కొని తర్వాత తూర్పుకు మార్పించుకుందాం అనుకుంటే ఇక్కడ కుదిరే మాట కాదు, ముందు వైపు గుమ్మం మార్చడం ఇంటి ముఖాన్నే మార్చడం. గుమ్మం మీకు ముఖ్యమైతే గుమ్మం చూసుకునే ఇల్లు కొనండి. లోపల వంటగది దిక్కు మార్చుకోవడం వేరు, దానికి మామూలు బిల్డింగ్ పర్మిట్ సరిపోవడమే ఎక్కువ.

జూన్‌లో ఒకరి ఇంట్లో జరిగింది అందరికీ పనికొస్తుంది. కొత్తగా కొన్న ఇంట్లో హాలు పైకప్పు దూలాలన్నీ గుంటలు. వేలు దూరేంత వెడల్పు, జానెడు పొడవు, అంచులు నల్లగా. చెదలు తినేశాయని భయపడి మొత్తం పీకించడానికి మనుషుల్ని పిలిచేశారు. అదృష్టం కొద్దీ ఆ రోజు మనవాళ్ళం ఇద్దరం వెళ్ళాం. అది పెకీ సైప్రస్ అనే కలప. చెట్టు బతికి ఉండగానే ఒక రకం బూజు లోపలి చేవను తిని ఆ గుంటలు చేస్తుంది, చెట్టు నరికి ఆరబెట్టాక ఆగిపోతుంది. ఆ రోజుల్లో చవక కలప, ఇప్పుడు దొరకడమే కష్టం. పొడి కలపలో బతికే చెదలైతే కింద నేల మీద గసగసాల్లాంటి గుళికలు చిన్న కుప్పగా రాలి ఉంటాయి, భూతద్దం పెట్టి చూస్తే ఒక్కోదానికి ఆరు ముఖాలుంటాయి. ఆ ఇంట్లో చీపురుతో ఊడ్చి చూశాం, ఒక్క గుళికా లేదు. ఆ కప్పు ఇవాళ్టికీ అలాగే ఉంది, దాని కిందే గృహప్రవేశం చేశారు. ఆ రకం చెదలు నిజంగానే ఇల్లంతా ఉంటే ఇంటిని మొత్తం గుడారంలా కప్పి గ్యాసు వదులుతారు. అప్పుడు ఓ రెండు మూడు రోజులు బయట ఉండాలి, మూత తీసిన ఆవకాయ జాడీలు, పప్పులు, మందులు వాళ్ళిచ్చే ప్రత్యేకమైన సంచుల్లో కట్టాలి, లేదా బయటికి తీసుకెళ్ళాలి.

కప్పు సంగతి మా నాన్నగారు చెప్పినట్టే రాస్తాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మొదటిసారి పైకి చూసి, ఇవి మన గూన పెంకులేగా అన్నారు. నిజమే. ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఇంకో వరుస బోర్లా, కొన్ని ఎర్రగా, కొన్ని ఇటుక మసి రంగులో. మనూళ్ళో డాబా వేసుకున్నాక వాటిని దొడ్లో పడేశాం, ఇక్కడ వాటిని తీసేసి మామూలు షింగిల్స్ వేస్తామంటే నగరం ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ కంపెనీలేమో పాత కప్పు చూడగానే వెనకాడతాయి. కాబట్టి బేరం చేసేటప్పుడే కప్పు వయసు అడగండి. మామూలు ఇన్‌స్పెక్షన్‌తో పాటు కప్పు, కరెంటు, పైపులు, ఏసీ చూసే ఫోర్ పాయింట్ ఇన్‌స్పెక్షన్, గాలి తట్టుకునే కట్టుదిట్టం చూసే విండ్ మిటిగేషన్ రిపోర్టు రెండూ చేయించండి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కోట్ చేతికొచ్చాకే మాట ఇవ్వండి. నేల కింద ఇనుప మురుగు పైపుల్లోకి కెమెరా పంపి చూపించమనండి, మర్రి వేళ్ళు ఎక్కడెక్కడికి పోతాయో మనకు తెలియనిది కాదు. చాలా ఇళ్ళకు ఇంకా సెప్టిక్ ట్యాంకే ఉంది, అదీ అడగండి.

ఈ ఏడాది తుఫాను మన మీదికి రాలేదు. అయినా మే నెలలోనే కిటికీలకు తుఫాను షట్టర్లు ఎక్కించడం కలిసి సాధన చేశాం, వచ్చే మేలోనూ చేస్తాం.

పన్ను దగ్గర కూడా మోసపోవద్దు. అమ్మేవాళ్ళు కడుతున్న పన్ను చూసి మీదీ అంతే అనుకోకండి. సొంతంగా ఉండే ఇల్లని హోమ్‌స్టెడ్ రాయితీ తీసుకున్న ఇంటికి ఫ్లోరిడాలో పన్ను విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెరగదు, అందుకే ఇరవై ఏళ్ళుగా ఉన్నవాళ్ళ బిల్లు తక్కువ. మీరు కొన్నాక వచ్చే జనవరి 1కి అది మార్కెట్ విలువకు ఎక్కుతుంది. ఇంకొకటి, నమోదైన పాత ఇంటిని పద్ధతిగా బాగుచేయిస్తే, ఆ పని వల్ల పెరిగిన విలువ మీద స్థానిక పన్నులో 10 ఏళ్ళ దాకా మినహాయింపుకు అవకాశం ఉంది, కానీ పని మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టాలి. ఇద్దరు సభ్యులు పని అయ్యాక వచ్చి అడిగారు, అప్పటికి చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఇంటికి భోజనానికి పిలిచేటప్పుడు అతిథులకు ఒక మాట ముందే చెప్పండి, ఇక్కడ చాలాచోట్ల వీధి పేర్లు స్తంభాల మీద ఉండవు, నేల మీద తెల్లటి రాతి దిమ్మల మీద ఉంటాయి, రాత్రిపూట కనబడవు. దీపావళికి పురోహితుడుగారు అల్హంబ్రా సర్కిల్ అనే వీధి చుట్టూ చాలాసేపు తిరిగారు పాపం.

జమాఖర్చులు విడిగా పంపాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి. కమిటీలో రెండు చోట్లు ఖాళీ అవుతున్నాయి, పాత ఇల్లు కొని బాగుచేయించుకున్న అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి ముందుకు రండి.

హోమ్‌స్టెడ్ రాయితీకి మార్చి 1 ఆఖరు తేదీ. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్ళకు మామూలుగా అది రాదంటారు, కానీ ఇక్కడే పుట్టిన పిల్లలు అదే ఇంట్లో మీ పోషణలో ఉంటే దారి ఉంది, 2012లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు తీర్పు అలాంటి కుటుంబం విషయంలోనే వచ్చింది. 2025లో కొన్నవాళ్ళందరం ఫిబ్రవరి రెండో ఆదివారం కూర్చుని ఫారాలు నింపుదాం. దస్తావేజు కాపీ, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, కొత్త అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకోండి. భోజనాలు అక్కడే.

మీ కార్యదర్శి